అడ్డగీత

కరుణకుమారి రెండో చరణం సగంలో ఉండగా దేవుళ్లు మేడ మెట్లెక్కి వచ్చాడు.

ఆమె పాడుతున్నది ఆదివారం గుడిలో పాడే కీర్తనే. కానీ మంగళవారం పొద్దెక్కిన వేళ, ఆ మేడ మీద, అది ఎండ కోసం పాడే పాట. గాజుపలక బిగించిన చెక్క ఫ్రేములో ఇంకు గీతలున్న, వెలుగు పారే ట్రేసింగు గుడ్డ, దాని కింద కాపీ దిగాల్సిన పసుపుపచ్చని ప్రింటు కాగితం ఉన్నాయి. ఎండకి ఆ పసుపంతా వెలిసిపోవాలి. గీతల నీడలో ఉన్నది మాత్రం మిగలాలి. ఏప్రిల్ ఎండైతే సరిగ్గా రెండు చరణాలు. మబ్బేస్తే మూడు. గడియారం చూసుకుంటూ కూర్చుంటే కళ్ళకి మిరుమిట్లు కమ్ముతాయి గానీ, పాటకి ఆ బాధ లేదు.

"కరుణమ్మగోరూ, బేగి దిగండి! మేనేజరుబాబు పిలుస్తన్నారు. కలకత్తా నుంచి కాయితం వొచ్చింది. అందులో మీ పేరు సదివినారు. నా సెవులారా ఇన్నాను."

"ఉండు దేవుళ్లూ, చరణం అవలేదు."

"ఓలమ్మో, సరణం తరవాత పాడుకుందురు గానీ!" అని ఆఫీసు వాచ్‌మన్ దేవుళ్లు తన అరవయ్యేళ్ళ తల మీద తువ్వాలు సర్దుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె దిగితే గానీ తనూ దిగడు.

కరుణ చరణం పూర్తి చేసి, ఫ్రేము తిరగేసి, కాగితం ఊడదీసి, అమ్మోనియా గిన్నె పెట్టిన చెక్కపెట్టెలో వేలాడదీసింది. ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది. పెట్టె సందులోంచి గీతలు నీలంగా తేలుతుంటే చూడడం ఆమెకి రోజూ కొత్తే. కొండవాలు మీద నాలుగు కాళ్ళతో నిలబడిన కరెంటు టవరు, పొగమంచులోంచి నడిచివస్తున్నట్టు, మెల్లిగా పైకి తేలింది. అప్పుడు దిగింది.

కింద హాలు ఒకప్పుడు బెల్లం గోదాము. ఇప్పటికీ మబ్బు పడితే గోడలు బెల్లం వాసన కొడతాయి. దేశమంతటా ఆనకట్టలూ వంతెనలూ కర్మాగారాలూ గీసే పెద్ద కంపెనీ ఒకటి, ఏజెన్సీ కొండల్లోంచి మైదానానికి దిగే హైటెన్షను లైను పని కోసం, ఆ గోదాముని అద్దెకి తీసుకుంది. దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది గానీ నర్సీపట్నంలో అందరూ దాన్ని కలకత్తా కంపెనీ అనే అంటారు.

మేనేజరు రమణబాబు కాగితం రెండుచేతులా పట్టుకుని నిలబడే చదివాడు. ఫీల్డు ఆఫీసుల్లో దినకూలి మీద పనిచేస్తున్న ట్రేసర్లలో, ఆడవాళ్ళయినా సరే, అర్హులైన వాళ్ళని డ్రాఫ్ట్స్‌మన్లుగా పర్మనెంటు చేస్తారట. నర్సీపట్నం నుంచి కరుణకుమారి పేరు పరిశీలనలో ఉందట. ఎంపికైతే విశాఖపట్నం బ్రాంచి. శుక్రవారం ఘోషాల్ గారనే పెద్ద ఇంజనీరు స్వయంగా వచ్చి పని చూస్తారట.

"కంగ్రాట్స్ కరుణా! నీ పేరు పంపింది నేనే, మరిచిపోకు," అన్నాడు రమణబాబు.

పక్క బల్ల మీది ట్రేసరు ప్రేమావతి ఒక్క గంతు వేసి కరుణ బుగ్గ గిల్లింది. "పెళ్ళయి నెలయిందో లేదో ఉజ్జోగం కూడానా? ఏ దేవుడికి మొక్కేవే, మాకూ సెప్పు!"

కరుణ నవ్వు ఆపుకోలేక పైటచెంగు మూతికి అడ్డం పెట్టుకుంది. చెంగు అమ్మోనియా కంపు కొట్టి తుమ్మొచ్చింది. అందరూ నవ్వారు.

నవ్వనిది ఒక్క మత్స్యలింగం గారే. ఆయన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. అందరికీ హెడ్డుగారు. రిటైరుమెంటుకి దగ్గర పడ్డ మనిషి. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా తొడిగి, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుంటారు. "మంచి మాట," అన్నారు. ఆయన ముందు గ్లాసులో సగం దాకానే పోయించుకున్న టీ చల్లారి మీగడ కట్టింది.

"ఆఖర్న ఇంకో ముక్కుంది," అని రమణబాబు కాగితం మళ్ళీ ఎత్తాడు. "అభ్యర్థి తన చేత్తో గీసిన అసలు డ్రాయింగులు చూపించాలి. గీసినవారి గడిలో సొంత పొడి సంతకం ఉండాలి." చదివేసి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కరుణ నవ్వు చెంగు వెనకాలే ఆగిపోయింది.

తన బల్ల మీదున్న ట్రేసింగు గుడ్డ కుడివైపు కింది మూల చూసింది. అక్కడ వరసగా గళ్ళుంటాయి. గీసినవారు: ఎం.ఎల్. అంటే మత్స్యలింగం. ట్రేసింగు చేసినవారు: ఒక చిన్న అడ్డగీత. దినకూలి ట్రేసర్లకి పొడి సంతకం లేదని కంపెనీ రూలు. ఆ గడి ఖాళీగా ఉంటే కలకత్తాలో ఒప్పుకోరు కాబట్టి అడ్డగీత పెట్టాలి. ఆ గీత కూడా ఆమే పెడుతుంది, స్కేలు ఆనించి, శుభ్రంగా. రెండేళ్ళ బట్టీ బీరువా నిండా ఉన్న గుడ్డల మూలమూలనా ఆమె ఒక అడ్డగీత.

అంతేనా అంటే అంతే కాదు. పెన్సిలుతో అసలు బొమ్మ వేసేవాడు డ్రాఫ్ట్స్‌మన్, దాని మీద గుడ్డ పరిచి ఇంకుతో దిద్దేది ట్రేసరు. ఆ హాల్లో మాత్రం రెండేళ్ళుగా పెన్సిలూ ఆమె చేతిలోనే ఉంది. హెడ్డుగారు కుర్చీ పక్కకి జరుపుకుని చెప్తారు, ఆమె గీస్తుంది. "నేర్పుతున్నారు" అనుకుంటాడు రమణబాబు. ప్రేమావతీ అదే అనుకుంటుంది.

ఆ సాయంత్రం దాకా కరుణ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. మూడుసార్లు మంచినీళ్ళు తాగింది. కడిగిన రూలింగ్ పెన్నునే మళ్ళీ కడిగింది.

*

బస్టాండు దగ్గర జీవరాజు రేడియో రిపేరు కొట్టు. లోపల పొట్ట విప్పిన రేడియో ముందు అతను తలవంచుకుని, వేడి కడ్డీతో సీసం చుక్క అంటిస్తున్నాడు.

"వొచ్చిందండీ మా అమ్మోనియా దొరసాని!" అన్నాడు తలెత్తకుండానే. "ఈది మలుపు తిరిగినప్పుడే తెలిసిపోయింది. నీకు సెంటు కొనడం సుద్ద దండగ."

"అలాగయితే సెప్పను పొండి."

అతను కడ్డీ పక్కన పెట్టి తలెత్తాడు. ఆమె చెప్పింది. చెప్తుండగానే రేడియోలన్నింటి మీదా గుడ్డలు కప్పేశాడు. "కొట్టు కట్టేస్తన్నా," అని ఎదురుగా సోడా తాగుతున్న మనిషికి అకారణంగా ప్రకటించాడు. తలుపులు వేసి, వేడి వేడి బెల్లం జిలేబీ పొట్లం కట్టించి ఆమె ఒళ్ళో పెట్టి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తొక్కాడు. పాకం కాగితం దాటి చీర మీదికి కారుతుంటే, ఆమె చుక్క పడకముందే వేలితో అందుకుని నాకుతూ, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ, ఇంటిదాకా నవ్వుతూనే ఉంది.

"సముద్రం ఇనపడే గది తీసుకుందాం," అన్నాడు జీవరాజు గాలికి ఎదురుగా. "కనపడక్కర్లేదు. కనపడితే అద్దె ఎక్కువ. ఇనపడితే సాలు."

"మీ కొట్టో?"

"రేడియోలు పాడవని ఊరుందేటే?"

ఇంటి దగ్గర అత్త ఎస్తేరమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. విషయం వినగానే జిగట చేతుల్తోనే కోడలి తల పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "ఒలమ్మ నా తల్లి! కంపినీ దొరసానై పోనావా! ఆదోరం గుడిలో నాను లేసి సాచ్చిం సెప్తాను. ఆ సంఘపెద్ద పెళ్ళాం మొకం సూడాల!"

"అప్పుడే వద్దత్తా. ఇంకా అవలేదు."

"అవకేటి? నీ గీత సూసేక కూడా అవదా?"

జీవరాజు జిలేబీ తుంపి తల్లి నోట్లో పెట్టాడు. పెళ్ళాం ముఖం చూసి తినడం ఆపాడు. "ఏటి? ఏటి దాస్తన్నావు?"

గడుల సంగతీ అడ్డగీత సంగతీ ఆమె చెప్పింది. ఎం.ఎల్. సంగతీ చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు.

"అంటే గీసింది నువ్వు, పేరు ఆయనదా!" జీవరాజు లేచి నిలబడ్డాడు. "రెండేళ్ళ బట్టి ఆ ముసలాయన నీ సేతి కూడు తింటన్నాడన్నమాట."

"అలాగనకండి. రూలది."

"రూలయితే బొమ్మ ఏసేది కూడా నీ పనేనా? రేపు ఆయన్నే అడుగు. దొరొచ్చినప్పుడు నిజం సెప్పమను. అందులో తప్పేటుంది?"

"అడగను."

"ఎందుకడగవు?"

కరుణ జిలేబీ కాగితాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఇద్దరూ ఒకే గదిలో మాట లేకుండా పడుకున్నారు. మంచం ఒకటే కావడంతో, కోపంగా అటు తిరిగినవాడి వీపు ఈమె వీపుకి ఆనుతూనే ఉంది. అది కాస్త నయమనిపించింది ఆమెకి.

*

బుధవారం ప్రేమావతి గీసిన గీత మీద ఇంకు చుక్క పడింది. కరుణ ఉన్నచోట ఉండలేక, చేతికి పని ఉంటే మనసు తిరగదని, సగం బ్లేడు పట్టుకుని వెళ్ళింది. "ఇలా తే, నేను గోకుతాను."

"ఆగమ్మా," అన్నారు మత్స్యలింగం గారు తన బల్ల దగ్గర నుంచే. "ఎవరి గీత వాళ్ళే గోకుకోవాల. ఈ హాల్లో అదొక్కటే పద్ధతి. ఇంకు ఎంత బరువుగా దిగిందో, గీసిన సేతికే గుర్తుంటాది. ఇంకోడు గోకితే గుడ్డకి సిల్లు పడతాది."

ఆ మాట ఆయన చెప్పడం కొత్త కాదు. చేరిన మొదటివారమే కరుణ చేతికి సగం బ్లేడు ఇచ్చి చెప్పిన మాట. ప్రేమావతి నాలిక బయటపెట్టి, బ్లేడు ఏటవాలుగా ఆనించి, ఊపిరి బిగబట్టి, చుక్కని పొడి పొడిగా లేపేసింది. పొడిని ఊది, గరుకుదేరిన చోటుని గోరుతో మెరుగు పెట్టింది.

"ఊఁ," అన్నారు హెడ్డుగారు. అది ఆయన మెప్పు.

మధ్యాహ్నం కొండకొమ్ము మీది టవరు పని. హెడ్డుగారు సర్వేవాళ్ళు పంపిన లెక్కలు చూస్తూ కళ్ళు మూసుకున్నారు. కొండ ఆయన కళ్ళ వెనకాల ఉన్నట్టు చెప్పడం మొదలెట్టారు. "ఉత్తరం కాలు పొట్టిది. కింద వాలు జారుడుగా ఉంది. తూరుపు కాలు పొడుగు. అక్కడ నేల లోతు. ఇప్పుడు అడ్డకమ్మీ ఎయ్యి. అలా కాదు. గాలి ఎటు కొడతాదో సూడు, అటు."

కరుణ చేతిలో పెన్సిలు ఆయన మాట వెనకే నడిచింది. చెమట కారి బొమ్మ మీద పడకుండా ఆమె మణికట్టుకి జేబురుమాలు కట్టుకుంటుంది. ఆ పనిలో ఉన్నంతసేపూ శుక్రవారం గుర్తు రాలేదు. అయిపోగానే మళ్ళీ వచ్చింది.

సాయంత్రం ఆ బొమ్మ మీద గుడ్డ పరిచి దిద్దిన ఇంకు మర్నాడు పొద్దుటికి ఆరింది. తన గడిలో అడ్డగీత పెట్టింది. గీసినవారి గడి ఖాళీగా ఉంది. అటూ ఇటూ చూసి పెన్సిలుతో, కంటికి ఆనీ ఆననట్టు, కె.కె. అని రాసింది. ఎంత బాగున్నాయో ఆ రెండక్షరాలు! పుట్టింటి పేరుతో మొదలెట్టాలా అత్తింటి పేరుతోనా అని పెళ్ళప్పుడు జీవరాజు ఏడిపించాడు. ఎటూ కాకుండా తన పేరే రెండు ముక్కలు చేసుకుంది. ఒక్క క్షణం మురిసి, రబ్బరుతో చెరిపేసింది.

తలెత్తేసరికి హెడ్డుగారు చూస్తున్నారు.

ఆయన లేచి వచ్చి, గుడ్డని తన బల్ల మీదికి తీసుకుని, పెన్నులో ఇంకు నింపమని ఆమెకే ఇచ్చారు. తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నారు. కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో బల్లకి అదిమి పట్టుకున్నారు. ఊపిరి లోపలికి తీసి ఆపారు. అదిమిన చేతి కిందనుంచి కూడా ఆ వణుకు పెన్ను మొనదాకా పాకుతోంది. మొన గుడ్డకి ఆనకముందే గాలిలో సన్నగా అల్లాడుతోంది. అది నిలిచే లిప్తపాటు కోసం కాచుకుని ఇంగ్లీషు ఎమ్ లో ఒక కాలు దింపారు. మళ్ళీ కాచుకుని రెండోది. ఆ రెండక్షరాలూ పూర్తయ్యేలోగా, మేడ మీదైతే, ఒక చరణం అయిపోయేది. ముగిసేసరికి ఆయన మెడ వెనక చొక్కా తడిసిపోయింది.

ఎదురు బల్ల నుంచి కరుణ ఎప్పట్లాగే పెన్ను కడుగుతున్నట్టు తలవంచుకుంది. రెండేళ్ళుగా ఆమె ఒక్కర్తికే తెలిసిన సంగతి అది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. గీయలేని డ్రాఫ్ట్స్‌మన్‌ని కంపెనీ ఒక్కరోజు కూడా ఉంచదు. ఆ రెండక్షరాలూ లేకపోతే, రేపటి నుంచి ఈయన్ని హెడ్డుగారూ అని పిలిచేవాళ్ళుండరు.

తను నిజం చెప్తే ఆయన పోతారు. చెప్పకపోతే, లైను పని అయిపోగానే, దినకూలి ట్రేసరుగా తను పోతుంది. విశాఖపట్నం అంతకంటే ముందే పోతుంది.

*

గురువారం సాయంత్రం జీవరాజు ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, చొక్కా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఎస్తేరమ్మ నీళ్ళు ఇచ్చి, కొడుకు ముఖం చూసి, కోళ్ళని మూసే పని పెట్టుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

"మీ ఆఫీసు పక్క టీకొట్టుకి ఎల్లేను," అన్నాడు.

కరుణ గబుక్కున దగ్గరికి వచ్చింది. "ఆయన్ని అడిగేశారా?"

"అడుగుదామనే ఎల్లేను. రెండు మాటలు గట్టిగానే అడుగుదామని. ఆయన నన్ను గుర్తుపట్టేడు. రా అల్లుడూ అన్నాడు. టీ తాగు అన్నాడు." జీవరాజు గ్లాసులో నీళ్ళు అటూ ఇటూ తిప్పాడు. "కొట్టువోడు ఆయనకి అడక్కుండానే అరగ్లాసు ఇచ్చేడు. రెండు సేతుల్తో ఎత్తేడు. అదీ ఒలికి సొక్కా సెయ్యి మీద పడింది. ఆయన గబుక్కున ఆ సెయ్యి బల్లకిందకి దింపేసి, నా మొకం సూసేడు. సూసేనా లేదా అని."

"మీరేం చేశారు?"

"రోడ్డు మీద బస్సు కేసి సూసేను. ఏటి సెయ్యమంటావు?" అతను గ్లాసు కింద పెట్టాడు. "రోజంతా సీసం అంటించే పని నాది. సెయ్యి మాట ఇనకపోవడం అంటే ఏటో నాకు తెలదేటి? ఎన్నాళ్ళ బట్టి?"

"నేను చేరినప్పటి నుంచీ."

"మరి నాతో సెప్పలేదేం?"

"ఆ మాట నాది కాదు కదండీ."

జీవరాజు కోప్పడదామని చూశాడు. కుదరలేదు. గొలుగొండ నుంచి వచ్చిన రైతు రేడియో బాగు చేసినందుకు ఇచ్చిపోయిన జీడిపళ్ళు సంచిలోంచి తీశాడు. ఎర్రగా మాగినవి, ఇంటి మూలమూలలా కమ్మగా వాసనేస్తున్నాయి. ఇద్దరూ కొరికారు. గొంతు పట్టేసి ఇద్దరికీ ఒకేసారి దగ్గొచ్చింది. మంగళవారం తర్వాత మళ్ళీ కలిసి నవ్వడం అదే. నవ్వుతుంటే ఆమెకి కళ్ళనీళ్ళొచ్చాయి. అవి దగ్గువే అనుకునేలా తుడుచుకుంది.

"రేపు దొరతో ఏటి సెప్తావు?"

"నా చేత్తో గీసినవేమీ లేవని."

అతను జీడిపండు తొక్క దూరంగా విసిరాడు. "సముద్రం ఎక్కడికీ పోదులే," అన్నాడు. అని చాలాసేపు గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆమె లేచి వాకిలి ఊడ్చింది. అది పొద్దున్నే ఊడ్చిన వాకిలి.

*

ఘోషాల్ గారు జీపు దిగేసరికి శుక్రవారం మధ్యాహ్నం అయింది. పొట్టి మనిషి, బట్టతల, చేతిలో తోలుసంచి. విశాఖపట్నంలో చాలాకాలం పనిచేశారేమో, తెలుగు పుస్తకం చదివినట్టు మాట్లాడతారు. వస్తూనే ఫ్యాను కింద నిలబడి మజ్జిగ తాగి, కొండకొమ్ము టవరు గుడ్డ అడిగారు.

బల్ల మీద పరిచారు. వంగి, ముక్కు ఆనేటంత దగ్గరగా చూశారు. "చాలా శుభ్రంగా ఉన్నది," అన్నారు. "కాని నిన్న గుంత తవ్వితే తూర్పు కాలు కింద రాయి పడింది. ఆ కాలు పొడవు తగ్గించాలి. కొత్త కొలత ఇదిగో. ఇప్పుడే దిద్దండి. ఈ సాయంత్రం తునిలో నేను రైలెక్కాలి, ఇది నాతో రావాలి." తరవాత చుట్టూ చూశారు. "కరుణకుమారి ఎవరు?"

కరుణ ముందుకి వచ్చింది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి.

"మీ పొడి సంతకంతో ఉన్న డ్రాయింగులు చూపించండి."

"లేవు సార్."

రమణబాబు ఉలిక్కిపడ్డాడు. ఘోషాల్ గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఒక్కటి కూడా లేదా?"

"లేదు సార్. నేను ట్రేసరుని."

ఘోషాల్ గారు పెదవి విరిచి, సంచిలోంచి ఒక కాగితం తీసి, అందులో ఏదో కొట్టెయ్యబోయి, ముందు ఈ పని కానివ్వండన్నట్టు మత్స్యలింగం గారి వైపు తిరిగారు. "మీ డ్రాయింగే కదా, ఎం.ఎల్.? దిద్దండి. నేను చూస్తూ ఉంటాను."

హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు పెద్దదయింది. హెడ్డుగారు బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఎడమచేయి కుడిచేతి మీద ఉంది. ఇది మూలన రాసే రెండక్షరాల పని కాదు. జానెడు గీత గోకి, అదే చోట వెంట్రుకంత సన్నంగా మళ్ళీ గీయాలి. పైగా దొర పక్కనే.

"సార్, హెడ్డుగారికి కళ్ళ కలక," అంది కరుణ గబగబా. "ఇవాళకి నేను దిద్దుతాను. ఆయన చెప్తారు, నేను..."

"కలకా లేదు ఏటీ లేదు," అన్నారు మత్స్యలింగం గారు.

ఎడమచేయి తీసేశారు. కుడిచేయి బల్ల మీద ఒంటరిగా మిగిలింది. ఎండుటాకు గాలికి కదిలినట్టు అది కదులుతోంది. ఇన్నాళ్ళూ ఆ హాల్లో ఎవరూ చూడని చేతిని అందరూ చూశారు. దేవుళ్లు గుమ్మంలో నిలబడి తువ్వాలు తల మీద నుంచి తీశాడు.

సొరుగులోంచి సగం బ్లేడు తీశారు. బల్ల మీద ఆనించి, కరుణ ముందుకి మెల్లిగా తోశారు.

"ఈ హాల్లో ఒక పద్ధతుంది సార్. ఎవరి గీత వాళ్ళే గోకాల."

"గీత మీదే కదా?"

"మాట నాది. గీత ఆ అమ్మాయిది. ఈ గుడ్డ ఒక్కటే కాదు, రెండేళ్ళ బట్టి బీరువాలో ఉన్నయన్నీ. పెన్సిలూ ఆమెదే, ఇంకూ ఆమెదే." ఆయన గొంతు మాత్రం వణకలేదు. "నాకో సంగతి తెలిసొచ్చింది సార్. నిన్న నా సెయ్యి సూసి కూడా సూడనట్టు ఒక కుర్రోడు బస్సు కేసి సూసేడు. ఎంతమంది సేత అలా పక్కకి సూపించమంటారు సార్, నన్ను?"

కరుణ బ్లేడు వైపు చూస్తూ నిలబడింది. తీసుకుంటే ఆయన పోతారు. తీసుకోకపోతే ఆయన చెప్పిన మాట పోతుంది. ఆయన మళ్ళీ చెప్పలేదు. "ఊఁ" అన్నారు, అంతే.

ఆమె మణికట్టుకి జేబురుమాలు కట్టుకుంది. బ్లేడు ఏటవాలుగా ఆనించింది. తూర్పు కాలు గీసినప్పుడు పెన్ను ఎక్కడ కొంచెం బరువుగా దిగిందో చేతికి గుర్తుంది, అక్కడ బ్లేడు కాస్త నిదానించింది. ఇంకు నల్లటి పొడిగా లేచింది. ఊదింది. గోరుతో మెరుగు పెట్టింది. పెన్ను నింపి, స్కేలు ఆనించి, పైనుంచి కిందకి, ఒకే ఊపిరిలో కొత్త గీత దింపింది. ఘోషాల్ గారు భూతద్దం పెట్టి చూశారు. పాత గీత ఎక్కడుండేదో వెతుక్కున్నారు. దొరకలేదు.

భూతద్దం పక్కన పెట్టి కళ్ళజోడు తీశారు. "ఈ గడిలో తప్పు పేరు ఉన్న గుడ్డ కలకత్తా వెళ్ళకూడదు," అన్నారు. "బీరువాలో ఉన్నవీ ఉండకూడదు. అన్నీ సరిచేయండి. నేను ప్రయాణం రేపు సాయంత్రానికి మార్చుకుంటాను. అప్పుడు వీరి దరఖాస్తు, ఈ గుడ్డలు, కలిపి తీసుకువెళతాను." కొట్టెయ్యబోయిన కాగితాన్ని మడిచి జాగ్రత్తగా సంచిలో పెట్టారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "మత్స్యలింగం గారూ, మీ విషయం నేను చెప్పక తప్పదు. అక్కడ ఏమంటారో నాకు తెలియదు."

"సిత్తం," అన్నారు హెడ్డుగారు.

జీపు వెళ్ళిపోయింది. రమణబాబు బీరువా తెరిచి, చుట్టచుట్టిన గుడ్డలు బల్ల నిండా దొంతరగా పేర్చాడు. హెడ్డుగారి ముఖం వైపు చూడలేక కరుణతో అన్నాడు. "నీ చేతికి ఇదెంత పని! ఎం.ఎల్.లన్నీ గోకేసి కె.కె.లు పెట్టేసెయ్యి."

"ఆమె గోకదు," అన్నారు మత్స్యలింగం గారు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన పై గుడ్డ మూల నిమురుతున్నారు, ఎమ్ లో రెండో కాలు కాస్త వంకరపోయిన చోట.

"రేపు ఎండ ముదరకుండా బేగి వొచ్చీ అమ్మా," అన్నారు కరుణతో. "కొత్త బ్లేడు ఇరుద్దాం. ఆ అడ్డగీతలు నీయి, నువ్వు గోకు. ఈ అచ్చరాలు నాయి. నేనే గోకాల."

"గుడ్డ చిరుగుతుంది హెడ్డుగారూ," అంది కరుణ.

"సిరగదు," అన్నారాయన. గుండీ విప్పి, పొడుగు చేతిని మోచేతి దాకా మడిచి, అల్లాడుతున్న ఆ మణికట్టుని ఆమె ముందు బల్ల మీద పెట్టారు. "రేపు దీన్ని నువ్వు గట్టిగా పట్టుకుంటావు."